ఊక ఎటు పోతే అటు

"మళ్లీ ఆయన గురించేనా?" అన్నాడు జగన్నాథరావు.

భార్య మాణిక్యాంబ నవ్వింది. రాత్రంతా కురిసిన వాన పొద్దున్నే వెలిసింది. రాజమండ్రి శివారులోని ఆ కాలనీలో ఒక్క ఇంట్లోకీ నీరు రాలేదు. వీధుల్లోని నీళ్లన్నీ గడ్డి కాలవల్లోంచి పల్లానికి జారి, ఈ మడుగులో చేరి, తుంగ దుబ్బుల మధ్య మెల్లగా తేటపడుతున్నాయి.

ఇద్దరూ గట్టు మీది సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. పక్కనే శిలాఫలకం. ఇదంతా కట్టించిన మనిషి పేరు దాని మీద ఉంది. జగన్నాథరావు పంతంగా దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

"డెబ్బై రెండులో అందరూ సిమెంటు డ్రైనేజీ అంటే ఆయనొక్కరే కాదన్నారండి. మూడు వానాకాలాలు మోకాల్లోతు నీళ్లలో తిరిగారు. నీటి వాలు తెలియడానికి గుప్పెడు ఊక చల్లి, అది ఎటు పోతే అటు నడిచేవారు. జ్వరమొస్తే నేనే నుదుటి మీద తడిగుడ్డ వేశాను."

"పరాయి మగాడికా?"

"ఇంకెవరున్నారండి ఆయనకి?"

పక్కింటి బంగార్రాజు సైకిలు దిగి చేతులు జోడించాడు. "వాన దంచికొట్టినా మా ఇంట్లో చుక్క దిగలేదండి! అంతా ఆ మహానుభావుడి చలవేనండి." జగన్నాథరావు వైపు చూసి నవ్వాడు. అది ఎకసెక్కెంలా తోచింది.

"అందగాడా?" అతను వెళ్లాక జగన్నాథరావు అడిగాడు.

"ముక్కోపి. చెవుల నిండా వెంట్రుకలు."

"మరేం చూశావు?"

"ఇప్పటికీ తెలీదండి."

ఆమె ముఖం వెలిగింది. తన కోసం అలా ఎప్పుడు వెలిగింది? ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

విసురుగా లేచి తూము దగ్గరకు పోయాడు. దానికి అడ్డుగా దించిన చెక్క లాగేస్తే మడుగులో నీళ్లు పోతాయి. తుంగ ఎండుతుంది. వాడి పేరూ ఎండుతుంది.

నాని ఉబ్బిన ఆ చెక్క ఎవరికీ లొంగదు. ఆయన చేతులు మాత్రం దాన్ని కాస్త ఎడమకు వాల్చి, ఒక్క తట్టు తట్టి, పైకెత్తాయి.

మాణిక్యాంబ ఆ చేతుల మీద చెయ్యి వేసింది. ఆమె కళ్లలో నీళ్లు.

"వాడి కోసం ఏడుస్తున్నావా?"

"అవునండి."

చెక్కను మళ్లీ దించి, ఆయనను ఫలకం ముందుకు నడిపించి, దారి తప్పితే ఎవరికైనా చూపించమని తనే రాసి ఆయన జేబులో పెట్టిన చీటీ తీసి, రెండింటి మీదా ఉన్న ఒకే పేరును రోజూలాగే వేలితో చూపించింది: జగన్నాథరావు.