జచ్చా అందర్

ఇటు రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. సెల్ ఫోన్ల నోరు మూయండి, మీ నోళ్ళు కూడా. ఇది నవ్వుకుంటూ వినాల్సిన కథ. చివరికి నవ్వు రాకపోతే మాత్రం నన్ను తిట్టొద్దు.

హుజూరాబాద్ పక్క పల్లెలో ఐలవ్వ అనే అత్త ఉంది.

ఆమె కేక వేస్తే మార్కెట్ యార్డులో పత్తి ధర పడిపోతుందని చెప్పుకుంటారు. గొంతు అంతటిది. చెవులే అంతంతమాత్రం.

కోడలు సృజన ఆడపిల్లను కన్నది. తల్లీ పిల్లా క్షేమమని డాక్టరమ్మ ఇంటికి పంపింది. ఇంటికొచ్చిన కోడలు గోడ వైపు తిరిగి పడుకుంది. సరిగా తినదు, మాట్లాడదు.

కొడుకు సాగర్ మందుల షాపుకు పోయి బాలింతకు పనికొచ్చేవన్నీ తెచ్చాడు. నడుముకు సాగే బెల్టు, వేడినీళ్ళ సంచి, పాలు పడే పొడి డబ్బా.

ఐలవ్వ బెల్టును రెండు చేతులా సాగదీసి చూసింది.

"గిది బాలింతకా, బర్రెకారా?"

సృజన నవ్వలేదు.

"జర కట్టుకో బిడ్డా. నడుం నిలబడాలె గదా."

"అవ్వ పాతచీరతోని కట్టాలంటరు గద అత్తమ్మా. నాకెవలున్నరు, చీర పంపెటందుకు?"

ఐలవ్వ బెల్టును పక్కన పెట్టేసింది. సృజనను కన్ననాడే వాళ్ళమ్మ కన్నుమూసింది. ఆ రాతే ఈ పిల్లకూ ఉందేమోనని నెల తప్పిన దగ్గర్నుంచీ ఐలవ్వకు అదే భయం. చావు అనే మాటనే ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. "సచ్చేంత పని ఉన్నదే" అన్నందుకు సాగర్‌కు ఒకపూట అన్నం పెట్టలేదు.

అలాంటి ఇంటి ముందు ఒక మధ్యాహ్నం ఎవరో ముసలామె వచ్చి నిలబడింది. వెలిసిన బురఖా, చంకలో మూట. ముందుపళ్ళు లేవు. ఆయాసంతో దర్వాజ పట్టుకుని అడిగింది.

"జచ్చా అందర్?"

ఐలవ్వ చెవికి అది "చచ్చారా అందరు?" అని వినిపించింది.

"ఏమన్నవ్?"

"జచ్చా... అందర్..." ముసలామె నవ్వుతూ ఇంట్లోకి చెయ్యి చూపించింది.

"నీ నోట్లె మన్నువడ! పచ్చి బాలింత ఉన్న ఇంటికొచ్చి సచ్చిన్రా అందరని అడుగుతవా? పైకెల్లి నవ్వుతున్నవా?"

"నై అమ్మా, జర విను... గీ మూట..."

"నీ మూట నువ్వే కట్టుకపో! అమ్ముకునెటందుకు గీ ఇల్లే దొరికిందా?"

ఐలవ్వ చీపురు తిరగేసింది. ముసలామె మూటను గడప మీద పెట్టి వెనక్కి తగ్గింది.

లోపల పసిపిల్ల ఏడ్చింది. ముసలామె ఆగింది.

ఐలవ్వ చీపురు పైకెత్తింది. ముసలామె వెళ్ళిపోయింది.

"ఏం లొల్లి అత్తమ్మా?" లోపలి నుంచి సృజన అడిగింది.

"ఏం లేదు బిడ్డా, అమ్ముకునేటామె."

"మా దిక్కెల్లి ఎవలన్న వచ్చిన్రేమో అనుకున్న" అని సృజన మళ్ళీ గోడ వైపు తిరిగింది.

ఐలవ్వ మూటను చేత్తో ముట్టలేదు. చీపురుతోనే నెట్టుకుంటూ పోయి పెంటకుప్ప మీదికి తోసేసింది. ఉప్పూ మిరపకాయలూ తెచ్చి కోడలికి దిష్టి తీసింది.

ఇక పక్కింటి లింగమూర్తి సంగతి. పెళ్ళయినా దినమైనా ఊళ్ళో మొదటి విస్తరి ఆయనదే. నెయ్యి వాసన పట్టుకుని పెంటకుప్ప దాకా వచ్చి మూట విప్పాడు. గోంద్ లడ్డూలు! తుమ్మబంక నేతిలో పొంగించి, ఖర్జూరం, ఎండుకొబ్బరి కలిపి చుట్టినవి. బాలింత నడుముకు బలమిచ్చేవి, పాలు పడేలా చేసేవి. ఆయన నడుముకేమీ కాకపోయినా అన్నీ తిన్నాడు. లడ్డూల కింద మడతపెట్టి ఉన్న మెత్తటి ఆకుపచ్చ చీరముక్కను దులిపి తలపాగా చుట్టాడు.

ఆ వారంలోనే దుబాయి నుంచి సృజన తండ్రి ముత్తయ్య వీడియో కాల్ చేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బిడ్డా, నీ చిన్నప్పుడు ఖానాపూర్ల మన పక్కింట్ల మక్సూదా ఉండె. పోయిందట. పాణం బాగలేకున్నా నీకు లడ్డూలు చేసుకొని, బస్సులు మారుకుంట మీ ఇంటికొచ్చిందట గద. వాపసు పోయి పండుకున్నది, ఇగ లేవలే. కొడుకు యూనుస్ ఫోన్ చేసిండు."

"మా ఇంటికా? ఎవలూ రాలే బాపు."

ఐలవ్వ చేతిలో చెంబు అక్కడే ఆగిపోయింది.

పసిపిల్లను చూడ్డానికి వచ్చిన లింగమూర్తి, ఫోన్‌లో ఎవరా అని తలపాగాతో సహా వంగాడు.

ముత్తయ్య ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు.

"గా పచ్చగుడ్డ... గది మీ అవ్వ చీర బిడ్డా. మీ అవ్వ పోయిన్నాడు నిన్ను దాంట్లనే చుట్టి మక్సూదా ఒళ్ళె పెట్టిన. యూనుస్ అప్పుడు ఆమె సంకల పిలగాడు. వాన్ని ఒక దిక్కు, నిన్ను ఒక దిక్కు ఏసుకున్నది. నువ్వు తాగింది ఆమె పాలే. సంబంధాలు రావని, ఎవలకు చెప్పద్దని మీ నాయనమ్మ ఒట్టు పెట్టిచ్చుకున్నది. గందుకే గడపకాడికొచ్చి గూడ చెప్పుకోలేదేమో."

మార్కెట్ ధర పడగొట్టే గొంతు ఆ రోజు సన్నగా వచ్చింది.

"అన్నా... జచ్చా అందర్ అంటే ఏంది?"

"బాలింత లోపల ఉన్నదా అని అక్కా. ఎందుకు?"

ఐలవ్వ చెంబు కింద పెట్టింది. లింగమూర్తి తలపాగా విప్పి తెచ్చి, కోడల్ని లేపి కూర్చోబెట్టి నడుముకు చుట్టసాగింది. సృజన ఆ గుడ్డ అంచును ముఖానికి అదుముకుని వాసన చూసింది. ఇద్దరమ్మలను వెతికింది. లింగమూర్తి తలనూనె వాసనే వచ్చింది.

"పెదబాపూ, గీ గుడ్డ దొరికినకాడ ఒక్క లడ్డన్న మిగిలిందా?" సృజన అడిగింది.

లింగమూర్తి బట్టతల రుద్దుకున్నాడు. కడుపు తడుముకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని భయంభయంగా అడిగాడు.

"అన్నీ నేనే తింటి గదనే బిడ్డా... గిప్పుడు నాకు గిట్ల పాలు పడుతయా ఏంది?"