కాపు అయిపోయిన గడ్డి

చిత్రావతి ఏరు పొంగి ఊళ్ళోకి నీళ్ళొచ్చిన మరుసటి ఏడు. మునిస్వామి గోబర్ గ్యాసు గుంత పక్కన కూర్చుని గడ్డి ముద్దలు చిదుపుతున్నాడు. గోడ అవతల పంకజమ్మ తడిచీర పిండుతూ పలకరించింది.

"ఏమప్పా, పేడ వచ్చిందా?"

మునిస్వామి గడ్డి మీదికి గోనెపట్టా లాగాడు. "వచ్చిందమ్మా. గూళూరు నుంచి బామ్మర్ది ఆటోలో పంపించినాడు."

"మీ బామ్మర్ది ఆవులు ఏం మేస్తాండాయో ఏమో. మా పొయ్యిలో మంట నీలంగా, బలే ఉండాది."

"మంచి మేతేనమ్మా." మునిస్వామి నీళ్ళు నమిలి మాట మార్చాడు. "ఏందమ్మా, మళ్ళీ స్నానం చేసినట్టుండారు?"

"వయసైపోలేదా? చేసినానో లేదో మరిచిపోతాండా."

గూళూరు బామ్మర్దికి ఆవులూ లేవు, ఆటో రావడమూ లేదు. మునిస్వామి రెండు ఆవులనూ ఏరు తీసుకుపోయింది. ఇల్లు కూలింది. తడిసి ముద్దయి పెళ్ళాం బిడ్డలతో బజార్లో నిలబడితే పంకజమ్మ నడవలోకి పిలిచింది. గుడికి ప్రసాదం వండే మడి ఇల్లది. ఎవరో గొణిగితే, "ఆమీట కడుక్కుంటాలే, ముందు వాళ్ళని లోపలికి రానీ" అంది. గోడలు మళ్ళీ లేచేదాకా అక్కడే ఉన్నారు.

ఆ మేలు ఆయన మరవలేదు. పంకజమ్మకు ఆయాసం, కట్టెల పొగ పడదు. సిలిండరును మడి వంటింటి గడప దాటనివ్వదు. ఆవుపేడ గ్యాసుకు మాత్రం ఒప్పుకుంది. వరదకు ముందే మునిస్వామి తన గుంత నుంచి ఆమె పొయ్యికి పైపు వేసి ఇచ్చాడు. ఆవులు పోయాక ఆ పొయ్యి ఎట్లా వెలుగుతుందా అని దిగులుపడ్డాడు.

అప్పుడే ఊరి బయట పుట్టగొడుగులు పెంచే షెడ్డు లేచింది. చింతామణి ఊరామె ఎవరో కట్టించిందని ఊళ్ళో అనుకున్నారు. అక్కడ పనిచేసే రంజిత, పుట్టగొడుగులు కోసేశాక మిగిలే, కాపు అయిపోయిన గడ్డిని ఊరికే తీసుకుపొమ్మంది. నానబెట్టి గుంతలో వేస్తే గ్యాసు పుట్టింది. బయటికొచ్చిన రొచ్చుతో టమాట చేను కూడా తేరుకుంది.

చిక్కల్లా ఒకటే. పుట్టగొడుగు పేరెత్తితే, మడికి పనికిరాదని పంకజమ్మ ముక్కు మూసుకుంటుంది. తెలిసిందంటే ఆ పొయ్యి ఆర్పేసి మళ్ళీ కట్టెల ముందు కూర్చుంటుంది. ఆ పొగకు ఆమె ఊపిరి ఇంకో వానాకాలం నిలవదు.

ఆ సాయంత్రం షెడ్డుకు పోతే గడ్డి మొత్తం వాకిట్లో కట్టలు కట్టి ఉంది.

"గౌరిబిదనూరు పక్క ఫ్యాక్టరీవాళ్ళు అడుగుతాండారు తాతా, బాయిలర్లో కాల్చేదానికంట" అంది రంజిత.

"అంతా వాళ్ళకేనా?"

"నాదేముండాది? ఓనరమ్మ చెప్పాల."

"యాడుంటుంది ఆమె? పోయి కాళ్ళు పట్టుకుంటా."

"నీ కాళ్ళే సరిగ్గా నిలవవు, ఇంకొకరివేం పట్టుకుంటావు? ఉండు, ఫోన్ చేస్తా."

షెడ్డు వెనక్కి పోయి మాట్లాడి వచ్చింది. మొహంలో నవ్వుంది.

"నీకు కావాల్సింది నువ్వు తీసుకున్నాక మిగిలితేనే వాళ్ళకంట. నువ్వున్నంత కాలం ఇదే లెక్కంట."

మునిస్వామి గడ్డికట్ట మీద చెయ్యేశాడు. "నా మొహం కూడా చూడని మనిషి. ఎందుకమ్మా ఇంత దయ?"

"నన్నడిగితే?"

"ఒక్క దండం పెట్టుకుంటా. ఎప్పుడొస్తుంది?"

"తెల్లారకముందే వచ్చి పోతుంది. నువ్వు మాత్రం రావద్దు తాతా. నన్ను తిడుతుంది."

మరుసటి దినం కోడి కూసేసరికి మునిస్వామి షెడ్డు దగ్గర ఉన్నాడు. లోపల లైటు వెలుగుతోంది. తలుపు సందులోంచి చూశాడు. ఒక ఆడమనిషి కొంగు నడుముకు దోపి, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ, కొత్త గడ్డి మీద పుట్టగొడుగుల విత్తనం చల్లుతోంది.

మునిస్వామి పిలవలేదు. బయటినుంచే రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. చెప్పులు చేతబట్టుకుని, అలికిడి కాకుండా ఇంటికి నడిచాడు. చూసింది పెళ్ళానికి కూడా చెప్పలేదు.

లోపల ఉన్నది పంకజమ్మ.