గుంట పూడలేదు

ఇంటింటా గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలే, తొక్కినవాళ్ల ఆరోగ్యం చదివి చెప్పడం మొదలై చాలా ఏళ్లయింది. వకుళ అడుగు పెడితే చాలు, "కాళ్లలో నీరు చేరింది. కాలేయం చూపించుకోండి" అని మూడు నెలలుగా వీధంతా వినబడేలా చెబుతోంది పట్టా.

"పరువు తీస్తోంది. దాటి నడువమ్మాయ్," అంది అత్తగారు. వకుళ దాటే నడిచింది.

శ్రావణ శుక్రవారం పేరంటంలో అత్తగారే కోడలి కాళ్లకు పసుపు రాసింది. చీలమండ దగ్గర ఆవిడ బొటనవేలు దిగినచోట గుంట పడి, అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, పూడట్లేదు. డాక్టరు దగ్గరికి..." అంది వకుళ.

అత్తగారు ఆ గుంటను చూసింది. అందులో ఇంకాస్త పసుపు మెత్తింది.

"రెండో కాలు ఇలా పెట్టు. కాస్త నవ్వు, అందరూ చూస్తున్నారు."