మహారాణి గారి వీడియో పాఠాలు

"మహారాణీ! నిన్నే!"

మేస్త్రీ వెనక నుంచి గొంతు చించుకున్నాడు. ఆమె తల తిప్పలేదు. పక్కనున్న పెద్దక్క మోచేత్తో పొడిస్తే, అప్పుడు తీరిగ్గా ఇటు తిరిగి అతని మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపంటేనే మేస్త్రీకి ఒళ్లు మంట. నేత మిల్లులో చేరి ఆర్నెల్లయినా కాలేదు, ఎంత పొగరు! మహారాణి అన్న పేరు అతను పెట్టిందే.

మధ్యాహ్నం విరామం. ఆమె చేతిలో ఫోను. తెర నిండా ఓ విదేశీ ఆవిడ మొహం, కింద అక్షరాలు. అదే ముక్కని వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూస్తోంది. మేస్త్రీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"సౌండైనా పెట్టకుండా భాషెలా వస్తుంది తల్లీ? వంట వీడియో చూస్తే కడుపు నిండుతుందా?"

"పాత మిల్లులో ఉండగా మొదలెట్టా. మూడేళ్లయింది. వస్తోందిగా!"

"మగ్గం నడిపేదానివి, పరాయి భాషెందుకు నీకు?"

"మనకి తెలియకూడనివన్నీ పెద్దలు మాట్లాడుకునేది అందులోనే. అందుకు!"

వరండాలో కూర్చున్నవాళ్లంతా ఇటు తిరిగి చూశారు. ఆమె గొంతెప్పుడూ ఓ మెట్టు ఎక్కువే. మగ్గాల మోతలో మాట వినపడదు గనుక, షెడ్డులో అందరూ పెదాలు కదిపీ చేతులు తిప్పీ సంగతులు చెప్పుకునేవాళ్లే. బయటికొచ్చాక గొంతు తగ్గించాలని మిగతావాళ్లకి తెలుసు. ఈవిడకి ఆ మర్యాద కూడా లేదు.

విరామం అయ్యాక మగ్గాలు తిప్పలేదు. షెడ్డు చివర అద్దాల గదిలో తలుపు బిగించుకుని మేనేజరు, కొత్త మగ్గాలమ్మే విదేశీ అతిథి కూర్చున్నారు. ఇవతల పన్నెండు మంది ఆడవాళ్ల ముందు మేస్త్రీ పన్నెండు తెల్లకాగితాలు పరిచాడు.

"కొత్త మగ్గాల మీద ట్రైనింగమ్మా. అడుగున సంతకాలు పెట్టేయండి. పైన ఆఫీసువాళ్లు టైపు చేసుకుంటారు."

మేనేజరు చెప్పమన్నది అదే. అతనూ నమ్మాడు. ఇరవై రెండేళ్లుగా మేనేజరు మాట అతనికి వేదం.

పెద్దక్క పెన్ను అందుకుంది. మహారాణి కాగితం వంక చూడనే లేదు. అద్దాల గదిలో వాళ్ల మొహాలకేసి గుడ్లప్పగించి నిలబడింది. ఉన్నట్టుండి పెద్దక్క చేతిలో పెన్ను లాగేసింది.

"ఎవరూ పెట్టకండి!"

"నీకేం పోయేకాలమే!" పెద్దక్క కసిరింది.

"ట్రైనింగూ లేదు, గాడిదగుడ్డూ లేదు. కొత్త మగ్గాలకి మనుషులక్కర్లేదట. మా ఇష్టంతోనే పని మానేస్తున్నామని దీని మీద రాసుకుంటారట. సోమవారం నుంచి మనల్ని గేటు దాటనివ్వరట. ఇప్పుడే మేనేజరు ఆయనతో అన్నాడు, ఆయన భాషలోనే."

మేస్త్రీ పకపకా నవ్వాడు.

"మీరేం నవ్వకండి. వీళ్లు పోయాక మేస్త్రీ ఎందుకని ఆయనడిగాడు. వాడి కాగితం నిన్ననే తీసుకున్నా అన్నాడు మన మేనేజరు."

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. నిన్న సాయంత్రం జీతం పెంచుతామంటే అతను తెల్లకాగితం మీద సంతకం పెట్టాడు. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

పెద్దక్క తన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. మిగతా పదిమందీ చింపేశారు.

"రానీ బయటికి! మా మొహాలు చూసి చెప్పమనండి ఆ మాట!" అని అరిచింది పెద్దక్క.

అందరూ వెళ్లి ఆ గది తలుపుకి అడ్డంగా కూర్చున్నారు. మేస్త్రీ ఓ నిమిషం తటపటాయించి, తువ్వాలు దులిపి, వాళ్ల పక్కనే చతికిలబడ్డాడు. ఇరవై రెండేళ్లలో మేనేజరుకి ఎదురు నిలవడం అదే మొదలు. భయంగానూ ఉంది, హాయిగానూ ఉంది.

కానీ ఒకటే అర్థం కాలేదు. మహారాణి భుజం తట్టాడు. ఆమె ఎప్పట్లాగే అతని మొహంలోకి సూటిగా చూసింది.

"ఇంత మందం అద్దం. లోపల పిడుగు పడినా ఇక్కడికి వినపడదు. నువ్వెలా విన్నావమ్మా?"

"వినడమెక్కడ మేస్త్రీ గారూ, పదో ఏట నుంచీ నాకు చెవుడు."