రవిక తాళ్లు

మానుకోట కాలేజీలో నాటకానికి ఐదు నిమిషాలే ఉంది. కవిత వేసుకున్న పాతకాలపు యూరప్ రాణి గౌను కుడిచేయి భుజం దగ్గర కుట్లూడిపోయింది. పిన్నీసు ఆగడం లేదు.

"మీరు చూసి గౌను కుట్టించిన ఫొటో జర చూడుండ్రి సారూ," అంది తెర వెనక కూర్చున్న నానమ్మ గోరీ. "గా రాణి చేతులు కుట్టలే. తాళ్లతోని కట్టుకున్నది, మా తండా రవికల లెక్క."

చరిత్ర సారు ఫొటో కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. పువ్వులనుకొని కుట్టించినవన్నీ ముడులే.

"ఇప్పుడు తాళ్లెక్కడ తేవాలె?" అన్నాడు సారు.

గోరీ గోడవైపు తిరిగి, తన రవిక వీపు తాళ్లు లాగేసి, మనవరాలి భుజానికి బిగించి కట్టింది.

గంట మోగింది.

"దాదీ, ముందు వరుసల కూసో." కవిత ఆమె చేయి పట్టుకుంది.

గోరీ ముసుగును వీపు మీదికి లాక్కుంది. "ఇట్ల ఎట్ల వస్తనే? పొద్దుగాల నువ్వు చెప్పినట్టే, ఎవ్వలకు కనబడకుండ ఈడనే కూసుంట."