పై అంతస్తులో ఒక గది

“నువ్వే గనక చీజ్ ముక్కవైతే, ఏ రకం చీజ్‌వి?” అని అడిగింది మారీకా.

ఎదురుగా చెక్క బల్ల మీద ఇకేర్ కూర్చున్నాడు. బిల్బావో నుంచి గ్రోనింగెన్‌కి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. ఇలాంటి ప్రశ్న ఏ పరీక్షలోనూ ఎదురుకాలేదతనికి.

“గొర్రెపాల చీజ్‌ని. మా వైపుది. పొగబెట్టి చేస్తారు. పైకి గట్టిగా ఉంటుంది, లోపల మెత్తన.”

“పొగా?” మారీకా ముక్కు చిట్లించింది. “ఇక్కడ సిగరెట్లూ అవీ కుదరవు బాబూ.”

“నేను సిగరెట్లు తాగను! పొగబెట్టేది చీజ్‌కి!”

“అదిగో, అప్పుడే గొంతు పెంచుతున్నావు.”

ఆ ఊళ్లో విద్యార్థుల ఇంట్లో గది ఖాళీ అయితే, కొత్త మనిషిని ఎంచేది యజమాని కాదు, ఆ ఇంట్లో ఉంటున్న పిల్లలే. ఒక సాయంత్రం ఆశపడ్డవాళ్లందర్నీ రమ్మని, కాఫీలు పోసి, తిక్క ప్రశ్నలు వేసి, నచ్చినవాళ్ల చేతిలో తాళంచెవి పెడతారు. పెళ్లిచూపులే అనుకోండి. కాకపోతే పెళ్లికొడుకు ఒక్కడు, పెళ్లికూతుళ్లు వీధి చివరిదాకా.

మారీకా ఇటలీ పిల్ల. ఈ తంతులో చెక్క బల్ల మీద కూర్చుని ఎన్నోసార్లు చీజ్ అయింది, కూరగాయ అయింది, ఒకసారి గుడ్లగూబ కూడా అయింది. ఎవరూ ఎంచుకోలేదు. ఊరి బయట గుడారంలో పడుకుని, తెల్లవారుతూనే బాతులు మొహం మీదకొచ్చి అరుస్తుంటే లేవడం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అందుకే కిటికీ పక్క పడక్కుర్చీలో కాలు మీద కాలేసుకుని ప్రశ్నలు వేస్తుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది.

గది పై అంతస్తులో ఉంది. చిన్నదే. కానీ దానికో పైకప్పుంది. అది ఎవరికి దక్కేదీ ఇవాళే తేలిపోతుంది.

“మిగతావాళ్లు లేరా?” అన్నాడు ఇకేర్, వంటింటి వైపు తొంగిచూస్తూ.

“వస్తారు. ఈలోగా నేనున్నానుగా.” మారీకా లేచి తలుపు తీసింది. “కబురు పెడతాంలే.”

ఆ మాట ఎంత తియ్యగా అనాలో ఆమెకి బాగా తెలుసు.

తర్వాత వచ్చినవాడు లాసె. డెన్మార్క్ వాడు. కాఫీ చెంచా కోసం మారీకా సొరుగులన్నీ లాగి చూసింది. ఈ ఇంట్లో ఏ వస్తువూ ఉండాల్సిన చోట ఉండి చావదు. ఎలాగో కాఫీ కలిపి, ఒక్క బిస్కెట్ చేతిలో పెట్టి, డబ్బా మూత బిగించేసింది. ఆ ఊరి మర్యాద అంతవరకే.

లాసె సైకిళ్లు బాగుచేస్తాడు. రొట్టె కాలుస్తాడు. పొద్దున్నే ఎవరితోనూ మాట్లాడడు.

“మరి స్నానాల గది కడగడం?”

“రోజూ నేనే కడుగుతా. నాకది ధ్యానంలా ఉంటుంది.”

మారీకాకి భయం వేసింది. ఇంత మంచివాడితో ఒకే స్నానాల గది వాడుకోవడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు.

“చూడు లాసె, నీ మంచికే చెప్తున్నా. ఆ గది గోడకి అవతల బాకా ఊదేవాడున్నాడు. తెల్లారకముందే మొదలెడతాడు.”

“బాగా ఊదుతాడా?”

“నేర్చుకుంటున్నాడు.”

లాసె బిస్కెట్ సగంలో వదిలేసి కోటు తొడుక్కున్నాడు.

ఆ వెనకే బ్ర్నో నుంచి వచ్చిన జుజానా. బూట్లనిండా వాన నీళ్లు, చేతిలో తేనె కేకు.

“ఇప్పుడు ఎక్కడుంటున్నావు?”

“స్నేహితురాలి వంటింట్లో, నేల మీద. తల పక్కనే ఫ్రిజ్. రాత్రంతా దానికి కడుపునొప్పే.”

మారీకా ఫక్కున నవ్వింది.

“మీకు నేను నచ్చకపోయినా పరవాలేదు, కేకు మాత్రం తినండి. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను,” అంది జుజానా.

ఆ గది నీదేలే అనే మాట మారీకా నోటిదాకా వచ్చేసింది. ఇలాంటి పిల్లని కాదనాలంటే గుండె సరిపోదు, బండరాయి కావాలి. కిటికీ బయట వాన చూసి మారీకా ఆ బండరాయేదో తెచ్చుకుంది.

“అయినా వంటింట్లోనేగా తల్లీ, నెత్తి మీద వాన పడదుగా. కబురు పెడతాంలే.”

జుజానా వెళ్లిపోయింది. కేకు ఉండిపోయింది.

ఆ పైన వచ్చినవాళ్లని మారీకా గుమ్మంలోంచే పంపేసింది. “అయిపోయింది నాయనా, గది అయిపోయింది.” ఒకడు తిట్టాడు. ఒకమ్మాయి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చి, లేచి సైకిలెక్కింది. మారీకా కిటికీ తెర వేసేసింది.

వీధి సద్దుమణిగింది. అప్పుడు తలుపు తోసుకుని ముగ్గురు లోపలికొచ్చారు, తడిసి ముద్దయి. ముందున్న పొడుగాటి పిల్ల జుట్టు పిండుకుంటూ రొప్పుతోంది.

“ఆ పాడు వంతెన! పడవ కోసం పైకెత్తారు, మళ్లీ దిగితేనా! అవతలి గట్టున సైకిళ్లతో అలా నిలబడిపోయాం.”

“అయ్యో, ముందు కూర్చోండి,” అంది మారీకా. కేకు కోసి ముగ్గురికీ పెట్టింది, పెద్ద పెద్ద ముక్కలు.

పొడుగాటి పిల్ల నోటినిండా కేకు కుక్కుకుని, చుట్టూ ఖాళీ బల్లల వంక చూసి అడిగింది:

“అది సరేగానీ, వచ్చేవాళ్ల కోసం తలుపు తీసే ఉంచి వెళ్లాం కదా, మా ఇంట్లో గది చూడ్డానికి వచ్చింది నువ్వొక్కదానివేనా?”