కుడివైపు ఖాళీ

"ఆసిమ్ ఇందులోంచి ఏదో తీసేసి పోయాడమ్మా," అన్నాడు తిరుపతిరావు.

కుర్చీలో కూర్చోబోతున్న అర్ఫా ఆగిపోయింది. భర్త పోయాక ఇల్లు కదలకుండా పాటించే ఇద్దత్ గడువు ముగిశాక ఆమె గడప దాటి రావడం ఇదే మొదటిసారి. మీ ఆయన దగ్గరున్న ఆఫీసు సామాను తెచ్చివ్వమని ఆ ఆఫీసు నడిపే తిరుపతిరావు ఫోన్ చేస్తే, ఇంట్లో ఉన్న పాత మానిటర్‌ను వించిపేట నుంచి ఆటోలో వేసుకొచ్చింది. అది దుప్పటి చుట్టింది చుట్టినట్టే బల్ల మీద ఉంది.

"తీసేయడమంటే ఏంటి సార్?"

తిరుపతిరావు తన కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. వరి మిల్లుల్లో ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్లను నడిపే ప్రోగ్రాం అది. అక్షరాలతో రాసింది కాదు. చిన్న చిన్న పెట్టెలు పెట్టి, వాటి మధ్య రంగురంగుల తీగలు గీసి కలిపింది. అర్ఫాకు కుట్టుపని చేసిన గుడ్డను వెనక్కి తిప్పి చూసినట్టు అనిపించింది.

"ఇదిగో, ఇక్కడ చూడు."

కుడివైపు, పోస్టుకార్డులో సగమంత చోటు బోసిగా ఉంది. తీగలన్నీ అక్కడిదాకా వచ్చి, దాని చుట్టూ తిరిగి, అవతలికి పోతున్నాయి. తిరుపతిరావు ఒక పెట్టె మీద నొక్కాడు. దానిలోపల ఇంకో బొమ్మ తెరుచుకుంది. అందులోనూ అదే చోట ఖాళీ. మరొకటి నొక్కాడు. అక్కడా అంతే.

"ఏది తెరిచినా అదే చోట బొక్క. రెండో డ్రయ్యర్ కలుపుదామంటే ఎక్కడ ముట్టుకున్నా మొత్తం ఆగిపోతోంది. అసలు ముక్కలు తీసేసి, ఉత్త గూడు మనకిచ్చి పోయాడు."

"తీసేసినట్టు లేదు సార్," అంది పక్కన నిలబడ్డ సింధూరి. ఆసిమ్ పని ఇప్పుడు చూస్తున్నది ఆమే. "పెట్టె తీసేస్తే దాని వైరు తెగినట్టు చూపిస్తుంది. ఇందులో ఒక్క వైరూ తెగలేదు."

"తెగినట్టు తెలియకుండా తీయడం అతనికి రాదా? నువ్వు నిన్న గాక మొన్న వచ్చావు. పామర్రులో మొదటి డ్రయ్యర్ మేమిద్దరం కలిసి నడిపించాం. అతని చెయ్యి నాకు తెలుసు."

"మరి ఆ ఖాళీ దేనికి సార్? అలా చుట్టూ తిప్పకపోతే సగం చిక్కులుండవు. వేలు పెట్టి ఒక వైరు పట్టుకుంటానా, ఆ మలుపు దగ్గరికి రాగానే ఇంకో వైరు మీదికి పోతున్నా."

"అందుకే అలా చేశాడు. ఇంకొకళ్లకి అర్థం కాకూడదని." తిరుపతిరావు అర్ఫా వైపు తిరిగాడు. "హైదరాబాద్ కంపెనీ వాళ్లు అతన్ని పనికి పిలిచారట కదమ్మా."

"పిలిచారండీ. వెళ్లనన్నారు."

"ఎందుకనో?"

"నేను అడగలేదండీ. ఆయన చెప్పలేదు." ఆమె మళ్లీ తెర వైపు చూసింది. ఎంత చూసినా అందులో భర్త ఎక్కడా కనిపించలేదు.

ఫోన్ మోగింది. పామర్రు మిల్లు యజమాని వెంకటసుబ్బారావు. తడి ధాన్యం కుప్పలుగా పడి ఉందని, మొలకలొస్తే ఎవరు బాధ్యులని అవతల అడుగుతున్నాడు. తిరుపతిరావు అరచేత్తో ఫోన్ మూశాడు.

"ఏం చెప్పమంటావు? చేసినవాడే ముక్క తీసుకుపోయాడని చెప్పాలి. లేకపోతే మాట నాకొస్తుంది."

"ఆ మాట అనకండి సార్." అర్ఫా గొంతు పెరగలేదు. "ఆయన జనాజా మొయ్యడానికి ఆ మిల్లు వాళ్లు కూడా వచ్చారు."

తిరుపతిరావు సిగ్నల్ కోసం ఫోన్‌తో కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, ఇది పెద్ద తెరే కదా," అంది సింధూరి మానిటర్ మీద చెయ్యి వేసి. "మా కొత్త వాటి మీద ఈ బొమ్మలు అంచులు దాటిపోతున్నాయి. ఒకసారి దీని మీద చూస్తాను."

"చూడమ్మా. చివర్లో మంచం పక్కన పెట్టుకుని దీని మీదే చేసేవారు."

సింధూరి దుప్పటి విప్పి, వైర్లు తగిలించింది. తెర మెల్లగా వెలిగింది. అద్దం మీద కుడివైపు ఒక ఫొటో అంటించి ఉంది. చుట్టూ వేసిన టేపు పసుపుపచ్చగా మారిపోయింది. అడ్డంగా ఉందని గోటితో అంచు లేపబోయింది గానీ అది రాలేదు. సరేలే అని ప్రోగ్రాం తెరిచింది.

ఖాళీ లేదు.

తీగలు ఫొటో అంచుదాకా వచ్చి, ఫొటో చుట్టూ తిరిగి, అవతలికి పోతున్నాయి. ఆమె ఒక పెట్టె నొక్కింది. లోపలి బొమ్మలోనూ అంతే. ఇంకొకటి నొక్కింది.

"సార్," అంది. "ఒకసారి ఇటు చూడండి."

"ఉండమ్మా. అదేనండీ వెంకటసుబ్బారావు గారూ, ఇది చేసిన మనిషి ఉన్నాడే..." అంటూ వెనక్కి తిరిగిన తిరుపతిరావు మాట అక్కడే ఆగింది.

ఫొటోలో మొదటి డ్రయ్యర్ ముందు ఆసిమూ తనూ, తలల నిండా ఊక పడి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నవ్వుతున్నారు.

"వినపడుతోందా అండీ? ఏమిటి, చేసినాయన ఏం చేశాడంటున్నారు?" ఫోన్‌లో వెంకటసుబ్బారావు అడుగుతూనే ఉన్నాడు.

సింధూరి, తిరుపతిరావు అలా ఎందుకు నిలబడిపోయారో అర్ఫాకు అర్థం కాలేదు. ఫొటో వల్ల ఏదో పొరపాటు జరిగిందేమోనని భయపడింది.

"దాన్ని పీకెయ్యమని నేను పోరుతూనే ఉండేదాన్ని సార్. తెర కనపడకపోతే పనెలా చేస్తారని. 'సారు తన చేత్తో అంటించారు, పీకితే ఏమనుకుంటారో' అనేవారండీ."